సమానంగా పడిన అడుగులు

జూన్ 3

అన్నయ్యకి,

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు బాగున్నావో లేదో ఇక మీదట నువ్వు రాయక్కర్లేదు, నీ జేబు చెబుతుంది. ఈ ఉత్తరంతో పాటు వచ్చిన చిన్న పెట్టెలో ఒక ఫోన్ ఉంది. దాన్ని విప్పి లోపల ఏముందో చూడాలని నీ చేతులు దురద పెడతాయని నాకు తెలుసు. విప్పకు. అందులో పళ్ళచక్రాలు లేవు, నీ స్క్రూడ్రైవర్లకి అది లొంగదు.

చలికాలంలో నీకు గుండెపోటు వచ్చినప్పుడు డాక్టర్ ఏమన్నాడో గుర్తుందిగా? మందులు సగం, నడక సగం అన్నాడు. రోజూ వంతెన దాకా వెళ్ళి రావాలన్నాడు. అక్కడ ఉన్నన్నాళ్ళూ నేను నీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను, నువ్వు గొణుక్కుంటూ వచ్చావు. ఇప్పుడు లాగేవాళ్ళు లేరు. ఉద్యోగం వద్దు, నీ దగ్గరే ఉంటానని నేను మొండికేస్తే, నా పెట్టె నువ్వే సర్ది, బండి ఎక్కించి, కిటికీలోంచి ఇంకో రెండు అరటిపళ్ళు కూడా తోశావు. సరే, వచ్చాను. కానీ మన ఒప్పందం ఒప్పందమే. ఫోన్ నీ చొక్కా జేబులో ఉంటుంది. నువ్వు వేసే అడుగులు ఇక్కడ నా ఫోన్‌లో కనిపిస్తాయి. అవి పడుతున్నంత కాలం నేను ఇక్కడ ఉంటాను. పడటం తగ్గిందా, ఉద్యోగం ఖాయమైనా కాకపోయినా మొదటి బండెక్కి వచ్చేస్తాను. సెప్టెంబర్‌లో పరీక్ష పెట్టి, పాసైన వాళ్ళని ఉంచుకుని మిగతా వాళ్ళని పంపించేస్తారట.

నీకు ఫోన్‌లో మాట వినపడదు. ఆ అద్దం మీద వేళ్ళతో రాయనంటావు. కాబట్టి కబుర్లకి ఉత్తరాలు, నడకకి ఫోన్. ఫ్యాక్టరీలో మా ఫోన్లు గేటు దగ్గరే ఒక అరలో పెట్టి లోపలికి వెళ్ళాలి. రోజంతా వందల ఫోన్ల మధ్య ఉంటాను, నా ఫోన్ మాత్రం ఉండదు. నవ్వుకో.

నీ చీమ

*

జూన్ 11

చీమకి,

పెట్టె అందింది. విప్పలేదు. విప్పబోయాను గానీ దారి దొరకలేదు. జేబులో పెట్టుకుంటే చొక్కా ఒక పక్కకి ఒరిగిపోతోంది. కింద రొట్టెలాయన చూసి, నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఇటుకలు మోసే పనికి కుదిరావా ఏంటి?" అని అరిచాడు. మా చెల్లెలు నా మీద పెట్టిన పోలీసు అని చెప్పాను.

వంతెన దాకా వెళ్ళి వచ్చాను. వచ్చేటప్పుడు మన మెట్ల దగ్గర కాసేపు కూర్చున్నాను. ఈ మెట్లు కట్టినవాడికి మనిషి కాలు ఎంత పొడుగుంటుందో తెలియదు. అద్దె చవకని ఇల్లూ గడియారాల కొట్టూ రెండూ మేడ మీదే పెట్టుకున్నందుకు ఇన్నేళ్ళకి మెట్లు పగ తీర్చుకుంటున్నాయి.

నిన్న ఒకాయన చేతి గడియారం బాగు చెయ్యమని తెచ్చాడు. ఎప్పటికి ఇస్తారని అడిగాడు. సాయంత్రం ఐదింటికన్నాను. జేబులోంచి ఫోన్ తీసి ఇప్పుడెంతైందో చూసుకున్నాడు. ఆ గడియారం అతనికి ఎందుకో నేను అడగలేదు. అడిగితే తిరిగి పట్టుకుపోతాడేమోనని.

నీ ఫోన్ గురించి ఒక అనుమానం. నేను నడుస్తున్నానని దానికెలా తెలుస్తుంది? దానికి కాళ్ళు లేవు, నన్ను చూడటానికి వీల్లేదు. కెమెరాలకి నేను ప్లాస్టర్ ముక్కలు అంటించేశాను, వీడియో అదీ పెట్టకు. అద్దంలో నా మొహం నాకే బాగుండటం లేదు. బస్సెక్కితే? కుర్చీలో ఊగితే? నడిచానని అనుకుంటుందా? గడియారం మనిషిగా అడుగుతున్నాను, దాని లోపల ఏం తిరుగుతుంది?

అన్నయ్య

*

జూన్ 19

అన్నయ్యకి,

ప్లాస్టర్లు అంటించావా! ఫోన్ మీద నీ కసి అంతా అలా తీర్చుకున్నావన్న మాట. నీ కొట్టుకి జనం రావడం మాన్పించింది ఈ వస్తువే, నేను వచ్చి చేరింది ఈ వస్తువు దగ్గరే. నువ్వు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు గుచ్చుకుంటుంది. సరే, అది వదిలెయ్.

నువ్వు అడిగింది నేను రోజూ చేసే పనే కాబట్టి నీకు అర్థమయ్యేలా చెబుతాను. లోపల ఏదీ తిరగదు. ఇసుక రేణువంత చోటులో ఒక బరువు వేలాడుతూ ఉంటుంది. దానికి అటూ ఇటూ సన్నటి స్ప్రింగులు. బరువూ, స్ప్రింగులూ అన్నీ ఒకే పలుచటి సిలికాన్ ముక్కలోంచి చెక్కినవే. బరువుకి దువ్వెన పళ్ళలాంటి పళ్ళుంటాయి. వాటి మధ్యలోకి, కదలకుండా బిగించిన ఇంకో దువ్వెన పళ్ళు దూరి ఉంటాయి. ఒకదానికొకటి తగలవు. ఫోన్ కుదిపితే బరువు కాస్త వెనకబడుతుంది, పళ్ళ మధ్య సందు మారుతుంది, ఆ సందుని బట్టి అక్కడ నిలిచే కరెంటు మారుతుంది. ఆ మార్పే కుదుపు అన్న మాట. బస్సు బయల్దేరితే నువ్వు వెనక్కి తూలుతావు చూడు, అంతే. ఆ తూలేది నువ్వు కాదు, ఆ రేణువు. బొమ్మ గీసి పెట్టాను, వెనక చూడు.

దాని పక్కనే ఇంకోటి ఉంటుంది, ఫోన్ ఎటు తిరిగిందో చెప్పేది. అందులో బరువు ఊరికే ఉండదు, ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. ఫోన్ తిరిగితే ఆ వణుకు పక్కకి జారుతుంది. ఉత్తరదిక్కు పట్టేది ఒకటి. గాలి బరువు కొలిచేది ఒకటి, పలుచటి పొర కింద గాలి తీసేసిన గది, పైన గాలి ఎంత నొక్కితే పొర అంత వంగుతుంది. మెట్లెక్కినా అది పట్టేస్తుంది. ఫోన్ చెవికి పెట్టుకుంటే అద్దం ఆరిపోతుందే, అది కంటికి కనపడని వెలుతురు నీ చెంపకి తగిలి తిరిగి రావడం వల్ల.

నా పని ఏంటంటే, వీటన్నిటికీ కదలకుండా ఉండటం నేర్పడం. నిజంగా. కొత్తగా తయారైన ప్రతి ముక్కా తాను ఊరికే ఉన్నా కదులుతున్నాననుకుంటుంది. ఒక్కోదానికి ఒక్కో పొరపాటు. మేం దాన్ని ఒక చట్రానికి బిగించి, ఆరు వైపులా తిప్పి, ప్రతి వైపూ కదలకుండా నిలబెట్టి, "ఇదిగో, ఊరికే ఉండటం అంటే ఇదీ" అని చెప్పి, దాని పొరపాటు దానికే రాసి పెడతాం. నువ్వు గడియారాన్ని నిలువుగా, బోర్లా, వెల్లకిలా పెట్టి ఎంత ముందుందో వెనకుందో చూడవూ? అదే.

ఇక అసలు విషయం. పోయిన వారం నీ అడుగులు సగానికి తగ్గాయి. ఏంటి కథ?

చీమ

*

జులై 1

చీమకి,

వాన. వారమంతా ఒకటే వాన. గొడుగు విరిగింది. నీ పోలీసుకి వాన పట్టే ముక్క లేదు కాబోలు.

నీ బొమ్మ గోడకి అంటించాను. రేణువంత బరువు, స్ప్రింగులు, ఆడే సందు. ఇంతకీ మనదే కదా ఇది! నేను కంటికి భూతద్దం పెట్టుకుని నలభై ఏళ్ళు చూసిందే, ఇంకా చిన్నది చేశారు. చేసినవాడి చెయ్యి ఎంత నిలకడగా ఉండాలి! చెయ్యి కాదు యంత్రం అంటావు, తెలుసు. ఆ యంత్రం చేసినవాడికైనా చెయ్యి ఉంటుందిగా. ఫోన్ మీద నాకేం కసి లేదు. నువ్వు ఏదో ఊహించుకుని బాధపడకు.

నాన్న పెద్ద గడియారం నాలుగు రోజులుగా విప్పి పెట్టుకున్నాను. పని లేనప్పుడు కూర్చుని చేసుకునే పని. పొద్దున లేస్తే ఆయాసం లాంటిది వస్తోంది, కాస్త కూర్చుంటే పోతుంది. డాక్టర్‌కి చెప్పాను, మందు మార్చాడు. కంగారు పడకు.

ఒక్కటి చెప్పు. ఊగడానికీ నడవడానికీ తేడా ఎలా తెలుస్తుంది దానికి? ఉయ్యాలలో పడుకోబెడితే?

అన్నయ్య

*

జులై 9

అన్నయ్యకి,

ఆయాసం "లాంటిది" అంటే? ఆయాసమా కాదా? డాక్టర్ ఏమన్నాడో సరిగ్గా రాయి.

వానలు తగ్గాయని ఇక్కడ పేపర్లో చూశాను. నీ అడుగులు మాత్రం పెరగలేదు. మొన్న ఒక రోజంతా కలిపి చూస్తే, మంచం నుంచి బల్ల దాకా, బల్ల నుంచి మంచం దాకా అన్నట్టున్నాయి. నేను రాజీనామా కాగితం రాసి పెట్టెలో పెట్టుకున్నాను. బెదిరింపు కాదు. ఈ నెలాఖరుకి నువ్వు మళ్ళీ మనిషిలా నడవకపోతే దాన్ని ఇచ్చేసి వస్తాను. ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. ఇంకో అన్నయ్య దొరకడు.

నీ ప్రశ్నకి జవాబు. ఉయ్యాల మెత్తగా ఊగుతుంది, దాన్ని అడుగు అనుకోదు. అడుగులో ఒక దెబ్బ ఉంటుంది. మడమ నేలకి తగలగానే చిన్న కుదుపు, మళ్ళీ కాస్త తేలిక, మళ్ళీ కుదుపు. అది ఒక వరసలో, కాసేపు ఆగకుండా రావాలి. ఒకటీ అరా వస్తే లెక్కలో వెయ్యదు. బస్సు కుదుపులకి వరస ఉండదు కాబట్టి వాటినీ వదిలేస్తుంది. వరస, దెబ్బ, రెండూ ఉండాలి.

ఇంత శ్రద్ధగా అడుగుతుంటే నాకెంత సంతోషంగా ఉందో తెలుసా! నా పనంటే నీకు గిట్టదేమో అనుకున్నాను. నీ ఉత్తరాలు బల్ల దగ్గర నా పక్క అమ్మాయికి చదివి వినిపిస్తున్నాను. "మీ అన్నయ్య ఇక్కడ చేరాల్సింది" అంటుంది.

చీమ

*

జులై 18

చీమకి,

రాజీనామా కాగితం చింపెయ్. చూసుకో, ఈ వారం నుంచి నీ పోలీసు నా గురించి మంచిగానే చెబుతుంది.

పెద్ద గడియారం మళ్ళీ ఆడుతోంది. ముసల్ది, లాగలేకపోతుంటే బరువు పెంచాను. గోడకి చెయ్యి ఆన్చి చూస్తే దెబ్బ బాగా తెలుస్తోంది. నాకు వినపడదు గానీ అరచేతికి తెలుస్తుంది.

మందు పనిచేస్తోంది. బాగా తింటున్నాను. రొట్టెలాయన రోజూ మెత్తటిది ఒకటి విడిగా తీసి ఉంచుతాడు. నువ్వు పరీక్షకి చదువుకో, నా కాళ్ళ గోల నీకెందుకు.

అన్నయ్య

*

ఆగస్టు 3

అన్నయ్యా, బంగారు అన్నయ్యా,

చింపేశాను! పోయిన నెల మొదట్లో నిన్ను తిట్టినందుకు ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటున్నాను. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత, సాయంత్రం ఒక విడత. రోజూ. డాక్టర్ చెప్పినదానికంటే ఎక్కువే. ఫ్యాక్టరీ నుంచి బయటికి రాగానే గేటు దగ్గర అరలోంచి ఫోన్ తీసుకుని మొదట నిన్నే చూస్తాను. ఇప్పుడు నడుస్తున్నాడు, ఇప్పుడు ఆగాడు, మళ్ళీ బయల్దేరాడు అనుకుంటూ బస్సు దాకా వెళతాను. నా పక్కన ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది.

ఒక తమాషా చెప్పనా? నీ అడుగులకి ఫోన్ గీసిన గీత మా ఇంజనీరుకి చూపించాను. మనిషి మనిషికీ నడక వేరుగా ఉంటుంది, ఒక మనిషికే పూటపూటకీ మారుతుంది. ఆయన నీది చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఇంత సమానంగా మనిషి నడవడమ్మా, ఎక్కడైనా తడబడతాడు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "మీకు మా అన్నయ్య తెలియదు సార్" అన్నాను. చెప్పాను కూడా. అమ్మానాన్నలు పోయాక నువ్వు నన్ను బడికి ఎలా తీసుకెళ్ళేవాడివో. అప్పటికే నీ చెవులు పోతున్నాయి, రోడ్డు మీద వెనకొచ్చే బండి వినపడక భయం. అందుకని ఇంట్లో పెద్ద గడియారం ముందు నిలబెట్టి, దాని దెబ్బకి ఒక అడుగు చొప్పున నాకు నడక నేర్పావు. టిక్కుకి ఎడమ, టాక్కుకి కుడి. అలా అయితే నా అడుగు నీ చేతికి తెలుస్తుంది, నేను ఆగితే నీకు వెంటనే తెలిసిపోతుంది అనేవాడివి. ఊరంతా మనల్ని చూసి నవ్వేది, సిపాయిలు వెళ్తున్నారని.

నేను గొప్పగా తల ఎగరేసి వచ్చేశాను.

ఒక్కటే అర్థం కాలేదు. గాలి బరువు పట్టే ముక్క ఉందని రాశానుగా, దాని లెక్కలో నువ్వు ఒక్క మెట్టు కూడా దిగినట్టు లేదు. మరి వంతెన దాకా ఎలా వెళ్తున్నావు, కిటికీలోంచి ఎగిరా?

చీమ

*

ఆగస్టు 12

చీమకి,

నీ ఇంజనీరు తెలివైనవాడు. ఆయన మాట విను, పైకి వస్తావు.

ఇక దాచను. మెట్లు దిగడం లేదు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయి, వాటిని ఎందుకు ఏడిపించడమని మేడ మీద వరండాలోనే అటూ ఇటూ తిరుగుతున్నాను. నడక నడకే కదా. వంతెన ఎక్కడికీ పోదు, మోకాళ్ళు తగ్గాక వెళ్తాను. కావలసినవి రొట్టెలాయన బుట్టలో పెడితే తాడుతో పైకి లాక్కుంటున్నాను. కావాలంటే ఆ బుట్టలోనే ఫోన్ దింపి ఎక్కిస్తాను, మెట్లెక్కానని నువ్వు సంతోషిస్తావు.

సిపాయిల సంగతి నాకూ గుర్తుంది. నీ చెయ్యి అప్పుడు నా రెండు వేళ్ళంత ఉండేది. నువ్వు నడుస్తూ మధ్యలో ఏ కుక్కపిల్లో కనపడితే ఆగిపోయేదానివి. ఎన్నిసార్లు నేర్పినా నీ అడుగు ఎక్కడో ఒకచోట తప్పేది.

అన్నయ్య

*

ఆగస్టు 20

అన్నయ్యకి,

బుట్టలో ఎక్కిస్తే మోసపోదు. అడుగులు లేకుండా ఎత్తు పెరిగితే లిఫ్ట్ అనుకుంటుంది. మన ఇంటికి లిఫ్ట్ లేదు కాబట్టి దొంగ దొరికిపోతాడు. నా దగ్గరా నీ వేషాలు!

వరండా అయితే వరండా. నడుస్తున్నావు, అదే పదివేలు. మోకాళ్ళకి రాసుకోవడానికి మందు పంపుతున్నాను. పరీక్ష పదిహేనో తారీఖున. ఆ తర్వాత సెలవు ఇస్తారు, వచ్చేస్తాను. మనిద్దరం మెల్లగా వంతెన దాకా వెళ్దాం, నువ్వు ఎన్నిసార్లు కూర్చున్నా ఏమీ అనను.

చీమ

*

సెప్టెంబర్ 4

అన్నయ్యకి,

ఈ ఉత్తరం కాస్త కోపంగానే రాస్తున్నాను. రెండు వారాలైంది నీ దగ్గర్నుంచి ముక్క వచ్చి. ఉత్తరం రాయడానికి ఓపిక లేదు గానీ, రాత్రీ పగలూ నడవడానికి ఉందా?

నాలుగు రోజులుగా చూస్తున్నాను. ఇంతకు ముందు పడుకునే వేళకి అడుగులు ఆగిపోయేవి. ఇప్పుడు ఆగడం లేదు. తెల్లవార్లూ అదే వరండాలో అదే నడక. నిద్రపోవడం లేదా? డాక్టర్ నడవమన్నాడు గానీ చావమనలేదు. నా చిన్నప్పుడు కూడా నువ్వు మనసులో ఏదైనా పెట్టుకుంటే ఇలాగే తిరిగేవాడివి, నన్ను బడికి పంపే డబ్బు ఎలా తేవాలో తెలియని రోజుల్లో.

ఏం పెట్టుకున్నావు మనసులో? నేను చెప్పనా? నువ్వు నేర్పిన చెయ్యి నాది. స్క్రూ పట్టుకోవడం నీ దగ్గరే నేర్చుకున్నాను. అది తీసుకెళ్ళి నీ పొట్ట కొట్టిన వస్తువు దగ్గర పెట్టాను. కొట్టు నాకిద్దామనుకున్నావు, నేను వద్దన్నాను. ఆ కోపం ఇన్నాళ్ళూ ఫోన్ గురించి ప్రశ్నలుగా అడిగి, ఇప్పుడు మాట్లాడటం మానేశావు. తిట్టాలనుంటే తిట్టు. ఇలా నడిచి నడిచి నన్ను శిక్షించకు. పరీక్ష మానేసి రమ్మంటే రేపే వస్తాను.

చీమ

*

సెప్టెంబర్ 9

చీమా, పిచ్చిదానా,

ఉత్తరాలన్నీ ఒక్కసారే అందాయి. రొట్టెలాయన కౌంటర్ కింద పెట్టి మర్చిపోయాడట. చేతిరాత చూసి భయపడకు, నడుస్తూ నడుస్తూ కూర్చుని మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను.

నిద్ర పట్టడం లేదు, నిజమే. వయసు. పడుకుని దొర్లేకంటే నాలుగడుగులు వేస్తే బాగుంటుందని నడుస్తున్నాను. అంతకు మించి ఏమీ లేదు. నాకు ఏ కష్టమూ లేదు.

కోపమా? నీ మీదా? నువ్వు పంపిన బొమ్మలన్నీ గోడకి ఉన్నాయి. కొట్టుకి ఎవరొచ్చినా ముందు అవే చూపిస్తాను. మా చెల్లెలు ఫోన్లకి కదలకుండా ఉండటం నేర్పుతుంది అని చెబుతాను. వాళ్ళకి అర్థం కాకపోతే మళ్ళీ చెబుతాను. నలభై ఏళ్ళు నేను చేసిన పని నాతో ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు, చిన్నదై నీ చేతిలోకి వచ్చింది. నా కడుపు నిండిపోయింది. ఇది ఎప్పుడో రాయాల్సింది, నువ్వు తెలుసుకుని ఉంటావనుకున్నాను.

పరీక్ష రాయి. రాయకుండా వచ్చావో, మెట్ల మీంచి తోసేస్తాను. పదిహేను దాటాక రా. అప్పటిదాకా నేను ఇలా నడుస్తూనే ఉంటాను, నువ్వు చూస్తూ ఉండు. నడుస్తున్నంతసేపూ నాకేం కాలేదని అర్థం.

అన్నయ్య

*

సెప్టెంబర్ 19

అన్నయ్యకి,

ఈ ఉత్తరం ఎక్కడికి పంపాలో తెలియదు. నీ బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

పాసయ్యాను. ఉద్యోగం ఖాయమైందని పదహారో తారీఖు సాయంత్రం చెప్పారు. నీకు రాద్దామని కవరు కొనుక్కుని గేటు దగ్గరికి వచ్చి ఫోన్ తీసుకున్నాను. ముందు నిన్నే చూశాను. నడుస్తున్నావు. ఎప్పటిలాగే, ఒక్క తడబాటు లేకుండా. నవ్వుకుంటుండగానే ఫోన్ మోగింది. రొట్టెలాయన. ఏడుస్తూ చెబుతున్నాడు, మధ్యాహ్నం ఆస్పత్రిలో నువ్వు పోయావని. నేను ఆయన్ని తిట్టాను. "పిచ్చెక్కిందా? మా అన్నయ్య ఇప్పుడే నడుస్తున్నాడు, నా కళ్ళ ముందు నడుస్తున్నాడు" అని అరిచాను. గేటు కాపలా ఆయన వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, నన్ను కూర్చోబెట్టాడు.

నిన్న నిన్ను పంపించేశాం. అన్నీ అయ్యాక పైకి వచ్చి తాళం తీశాను. కొట్టులో ఏ చప్పుడూ లేదు, పెద్ద గడియారం ఒక్కటే. గడియారం పెట్టె తలుపు తీసి చూశాను.

నీ పనితనం ఎప్పటిలాగే బాగుంది అన్నయ్యా. లోలకానికి తోలు సంచీ కుట్టి, అందులో ఫోన్ పెట్టావు. ఛార్జింగ్ తీగని కడ్డీ వెంట ఎంత సన్నగా దువ్వి కట్టావో, ఊగడానికి ఎక్కడా అడ్డం రాదు. అటూ ఇటూ చివర్లలో రెండు చెక్కముక్కలు బిగించి, వాటికి తోలు తొడిగావు, లోలకం ప్రతిసారీ వెళ్ళి వాటికి మెత్తగా తగిలేలా. మడమ దెబ్బ. వరస, దెబ్బ, రెండూ ఉండాలని రాసింది నేనే. ఆ ఉత్తరం గడియారం లోపలి గోడకి అంటించి ఉంది, ఆ మాట కింద పెన్సిల్ గీత ఉంది.

రొట్టెలాయన అంతా చెప్పాడు. జులై మొదటి వారంలోనే డాక్టర్ నీతో గుండె సగం కూడా కొట్టుకోవడం లేదన్నాడట, ఇక నడక కాదు, మెట్లు దిగడం కూడా వద్దన్నాడట. మంచం నుంచి బల్ల దాకా వస్తే నీకు చెమటలు పట్టేవట. అంటే నువ్వు వరండాలో ఒక్క రోజు కూడా నడవలేదు. విడతకీ విడతకీ మధ్యా, రాత్రి పడుకోబోయే ముందూ సంచీలోంచి ఫోన్ తీసేసేవాడివి కాబోలు. ఆగస్టు చివరి రోజున ఊపిరి అందక ఆస్పత్రికి మోసుకెళ్ళినప్పుడు తీసే వీలు లేకపోయింది. రాత్రంతా నడుస్తున్నావని నేను నిన్ను తిట్టిన ఆ రోజుల్లో నువ్వు ముక్కుకి గొట్టంతో పడుకుని ఉన్నావు. నా ఉత్తరాలు ఆయన ఏ కౌంటర్ కిందా మర్చిపోలేదు. ఆస్పత్రి మంచం మీద చదివావు. ఆ మంచం మీదే, నిద్ర పట్టక నాలుగడుగులు వేస్తున్నానని నాకు రాశావు. పరీక్ష అయ్యేదాకా చెప్పనని ఆయన చేత ఒట్టు వేయించుకున్నావు. ఇంకోటి కూడా అడిగావట. "ప్రతి ఆదివారం వెళ్ళి పెద్ద గడియారానికి కీ ఇవ్వు, ఆగనివ్వకు" అని. జబ్బు మనిషి ఏదో అడుగుతున్నాడులే అని ఆయన వెళ్ళి ఇచ్చాడు.

ఇంజనీరు చెప్పాడు కదా, ఇంత సమానంగా మనిషి నడవడని. రోజంతా వందల ముక్కలకి కదలడం ఏదో కదలకపోవడం ఏదో నేర్పేదాన్ని. ఇంకెవరి నడకైనా అయితే వెంటనే అనుమానం వచ్చేది. నీది కాబట్టి రాలేదు. టిక్కుకి ఎడమ, టాక్కుకి కుడి. మన నడకే అనుకున్నాను.

నీ మీద కోపంగా ఉంది. ఉద్యోగం పోతే పోయేది. రెండు నెలలైనా నీ పక్కన కూర్చునేదాన్ని. నీకు అన్నం పెట్టేదాన్ని, నువ్వు విసుక్కుంటే విసుక్కునేదాన్ని. నీ లెక్కలో అది నష్టం, నా లెక్కలో కాదు. ఇది నువ్వు నన్ను అడగాల్సింది.

ఈ ఉత్తరం రాస్తుండగానే గడియారం బరువు పెట్టె అడుక్కి చేరింది. ఇంకో పది దెబ్బలు కొట్టి ఆగిపోయింది. బల్ల మీద ఉన్న నా ఫోన్‌లో నువ్వు కూడా ఆగిపోయావు. కీ చేతిలోకి తీసుకున్నాను. చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. ఇవ్వలేదు.

ఉత్తరం మధ్యలో ఆపి, సంచీ విప్పి నీ ఫోన్ తీసి, నా జేబులో పెట్టుకుని మెట్లు దిగాను. సగం మెట్ల మీద కూర్చుండిపోయాను, మళ్ళీ లేచాను. వంతెన దాకా వెళ్ళాను. దారిలో ఎన్నిసార్లు ఆగానో తెలియదు. ఒకచోట ఒక కుక్కపిల్ల ఎదురైతే కూడా ఆగాను. ఏడుస్తూ నడిస్తే కాలు ఎటు పడుతుందో తెలియదు. వంతెన మీద నిలబడి ఫోన్ తీసి చూశాను. మెట్లు దిగినట్టు ఉంది. అడుగులు పడినట్టూ ఉంది. ఒకటి దగ్గర, ఒకటి దూరం, మధ్య మధ్యలో ఖాళీలు. మా ఇంజనీరు చూస్తే, ఇది మనిషి నడకే అంటాడు.

చీమ